వినోదమును విశ్వాసమును

క్రైస్తవ బాలుడు సినిమా చూడవచ్చునా? ఆదివారమునాడు క్రికెట్టు ఆటకు పోవచ్చునా? సినిమా పాట వరుసలో దేవుని పాట కట్టవచ్చునా? బైబిలు తరగతిలో ఏటేట ఎవరో యొక విద్యార్థి ఈ ప్రశ్నలను అడుగుచునే యుండును. వీనికి మన యిండ్లలో దొరకు సమాధానములు సాధారణముగ రెండు విధములు. కొన్ని యిండ్లలో సినిమా యను మాటనే పెద్దలయెదుట ఎత్తరాదు. నాటకమును, జాతరయు, పాటకచ్చేరియు అన్నియు లోకసంబంధమైనవి, కనుక అన్నియు విడువవలసినవే. మఱికొన్ని యిండ్లలో రాత్రి కుటుంబప్రార్థన జరుగునంతసేపు టెలివిజను శబ్దము తగ్గింపబడును. ఆమేన్ అనుటతోడనే మరల పెంచబడును. మొదటి యింటివారు వినోదమును గడపయొద్దనే ఆపివేసితి మనుకొందురు. రెండవ యింటివారు దానినిగూర్చి ఆలోచింపనే ఆలోచింపరు.

మాకు ఈ రెండు మార్గములును తృప్తికరముగ తోచలేదు. లోకములోని పాటయు, ఆటయు, కథయు క్రైస్తవ విశ్వాసముతో కలసి నడచిన చరిత్ర మిక్కిలి పొడవైనది. అందు మన తెలుగువారి భాగము తక్కువది కాదు. దానిని కొంత పరికించినచో, ఒక వినోదము ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్నకంటె, అది మనచేత ఏమి చేయించుచున్నదను ప్రశ్న పెద్దదిగ కనబడును. అది మన నోటికి మాటను అందించుచున్నదా, లేక నోట నున్న మాటను సయితము తీసికొని మనలను ఊరక కూర్చుండబెట్టుచున్నదా?

ముందుగా అపొస్తలుడైన పౌలును చూడుడు. ఆయన ఏథెన్సు పట్టణములో అరేయొపగు నడుమ నిలిచి మాటలాడినప్పుడు, ధర్మశాస్త్రమును ప్రవక్తలను ఎఱుగని ఆ శ్రోతలకు వారి కవీశ్వరుల మాటనే ఎత్తి చూపెను. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము 28వ వచనములోని ఆ మాట అరాటసు అను కవి రచించిన నక్షత్రవిషయకమైన కావ్యము లోనిదని పండితులు గుర్తించియున్నారు. అరాటసు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దివాడు. ఆయన అచ్చట స్తుతించినది జ్యూసు అను గ్రీకు దేవతను. ఆ పట్టణము విగ్రహములతో నిండియుండుట చూచి పౌలు ఆత్మ పరితాపము పొందెనని అదే అధ్యాయము చెప్పుచున్నది. అయినను ఆ పట్టణపు కవిని ఆయన త్రోసివేయలేదు. ఇంకొక ఉదాహరణము మఱియు చిత్రమైనది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయము 33వ వచనములో దుష్టసాంగత్యమును గూర్చిన హెచ్చరిక కలదు. మన తల్లిదండ్రులు మనలను సినిమాకు పోవద్దని చెప్పుటకు తఱచుగ ఎత్తిచూపునది ఆ వచనమే. అది మినాండరు అను హాస్యనాటకకర్త వాక్యమని పండితుల అభిప్రాయము. నాటకశాలలో జనులను నవ్వించువాని కలమునుండి వెడలి, సామెతయై వీధులలో తిరిగి, తుదకు పరిశుద్ధగ్రంథములో చేరిన మాట అది. కొరింథులోని సామాన్యులకు అది కంఠస్థమైయుండుటచేతనే పౌలునకు అక్కరకు వచ్చినది.

జనుల నోట నున్నదానిని తీసికొని జనుల నోటికే మరల ఇచ్చుట అను ఈ పని తెలుగు క్రైస్తవులలో కీర్తనలద్వారా జరిగినది. దీనిని కొంచెము విపులముగ చెప్పవలసియున్నది, ఏలయన నేటి విద్యార్థులలో అనేకులు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును చేతపట్టినను, ఒక్కొక్క కీర్తనపైన అచ్చువేయబడియున్న శంకరాభరణము, మోహన మొదలగు పేర్లను, వాని ప్రక్కనున్న తాళముల పేర్లను చూడక దాటిపోవుచున్నారు.

పాశ్చాత్య మిషనరీలు తమ దేశపు కీర్తనలను కొన్నిటిని తెనిగించి ఆ దేశపు వరుసలలోనే పాడించిరి. అట్టి పాటలు కొన్ని నేటికిని మనకు ప్రియమైనవే. కాని అందు ఒక చిక్కు కలదు. ఇంగ్లీషులో పదమునందలి యొక భాగమును ఊనిక యిచ్చి పలుకుదురు. ఆ ఊనికను బట్టి వరుస నడచును. తెలుగులోనైతే హ్రస్వ దీర్ఘముల భేదముచే అర్థమే మారును. పలు అనిన అనేకమైన అని అర్థము. మొదటి అక్షరమును సాగదీసినచో అది పాలు అగును. కల అనునది సాగినచో కాల అగును. వరుస సాగుమన్నచోట అక్షరము సాగకుండిన పాట చెడును. సాగినచో మాట చెడును. అందుచేత కూనిరాగము చక్కగ సాగినను, పాడువారికి తాము పలుకుచున్నది తమ మాటగా తోచదు. పొలములో కలుపు తీయుచు ఎవరును అట్టి పాటను తమంతట తాము ఎత్తుకొనరు.

పురుషోత్తమ చౌదరి గారు ఈ చిక్కును ఇంకొక మార్గమున దాటిరి. ఆయన 1803లో పుట్టి 1890లో మృతినొందెను. బ్రాహ్మణ కుటుంబమున జనించి, యౌవనమున క్రీస్తును అంగీకరించి, ఉత్తర సర్కారులలో సువార్త ప్రకటించుచు తిరిగెను. తాను బాల్యమునుండి ఎఱిగిన కీర్తనల మార్గమును ఆయన విడిచిపెట్టలేదు. పల్లవి, అనుపల్లవి, చరణములు, రాగము, తాళము అన్నియు దేవాలయ మంటపములలోను భజన కూటములలోను వినబడునవే. అందు చెప్పబడినది మాత్రము సిలువయు, పాపక్షమాపణయు. ఈ పద్ధతిలో గల గొప్ప ప్రయోజనము చదువురాని సంఘమునకు తెలిసినంతగా మనకు తెలియదు. ఒకరు చరణమును పాడుదురు. ప్రతి చరణమునకు పిమ్మట సంఘమంతయు పల్లవిని అందుకొనును. ఎనిమిది చరణముల కీర్తనలో పల్లవి కనీసము ఎనిమిది మారులు తిరిగి వచ్చును. మొదటి ఆదివారమున పల్లవి పట్టువడును. నాలుగైదు ఆదివారములకు చరణములును వచ్చును. అక్షరము ముక్క రాని ముసలివారు నలుబది యేబది కీర్తనలను పుస్తకము లేకయే పాడగలుగుటకు కారణ మిదియే. వేదాంతము నేర్చుకొనుటకు వారికి దొరకిన పాఠశాల ఆ పల్లవియే.

ఇట్లు బయటి వరుసను లోనికి తెచ్చుట మన దేశమునకే చెందిన సంగతి కాదు. శ్రమదినములలో లోకమంతట పాడబడు ముండ్లకిరీటపు కీర్తన వరుస, 1601లో జర్మను దేశమున హాన్స్ లియో హాస్లరు అచ్చువేయించిన యొక ప్రేమగీతపు వరుస. ప్రియురాలికై మనస్సు కలతనొందిన వాని పాట అది. తరువాత అది దేవుని పాటకు జతపడినది. బాహ్ తన మత్తయి సువార్త శ్రమల సంగీతములో దానిని మరల మరల వినిపించెను. నేడు ఆ వరుసను విని ప్రేమగీతమును తలంచువాడు ఎవడును లేడు.

అట్లయిన నిన్న విడుదలయైన సినిమాలోని పాటను నేడు ఆరాధనలో వినిపించిన తప్పేమి అని మా విద్యార్థులు వెంటనే అడుగుదురు. మా అభిప్రాయము ఇది. వరుసకు పాపపుణ్యములు లేవు గాని జ్ఞాపకము కలదు. పాత మాటలు వినువారి మనస్సులో ఇంకను సజీవముగ నున్నంతకాలము క్రొత్త మాటలు వానిపైన నిలువవు. గుడిలో కూర్చున్నవానికి ఆ వరుస వినబడగనే నాయికా నాయకుల నృత్యము కన్నులయెదుట ఆడుచున్నయెడల, నోట స్తోత్రమున్నను మనస్సు సినిమాశాలలోనే యుండును. పది యేండ్లు ఆగి చూడుడు. పాట మరుగై వరుస మిగిలినచో, అప్పుడు ఆలోచింపవచ్చును. ఎంత చెప్పినను ఈ తొందర తగ్గుట లేదు. క్రిస్మసు వచ్చుచున్నదనగా ఆ సంవత్సరము ప్రసిద్ధినొందిన సినిమా పాటలన్నియు రక్షింపబడి మన వేదికపైకి వచ్చుచున్నవి!

ఇక పాటనుండి బొమ్మకు వత్తము. సినిమాను శాపనార్థములు పెట్టు క్రైస్తవులకు ఆశ్చర్యము గొల్పు సంగతి యొకటి కలదు. 1910, 1911 సంవత్సరముల ప్రాంతమున బొంబాయిలో నొక సినిమాశాలయందు క్రీస్తు జీవితమును చూపు మూగ చిత్రమొకటి ఆడుచుండెను. దానిని చూచినవారిలో ధుండిరాజ్ గోవింద ఫాల్కే అను నాతడు ఉండెను. తెరపై క్రీస్తు కథ కదలిపోవుచుండగా తన మనస్సునకు శ్రీకృష్ణుడును, శ్రీరాముడును కనబడిరనియు, మన దేశపు పుత్రులు మన కథలను ఇట్లు తెరపై ఎన్నడు చూతురోయని తాను తహతహలాడితిననియు ఆయనయే 1917లో తెలిపియున్నాడు. భార్యయగు సరస్వతీబాయిని వెంటబెట్టుకొనిపోయి ఆయన ఆ చిత్రమును మరల చూచెను. ఆ తపనయొక్క ఫలమే 1913లో ప్రదర్శింపబడిన రాజా హరిశ్చంద్ర. మన దేశములో సంపూర్ణమైన తొలి కథాచిత్రముగ దానినే సాధారణముగ ఎన్నుదురు. క్రీస్తు కథను చూచినవానికి హరిశ్చంద్రుడు తట్టుట మాకు సహజముగనే తోచుచున్నది. సత్యముకొఱకు సర్వమును పోగొట్టుకొని కాటికాపరియైన రాజు కథ అది.

హరిశ్చంద్రుని మాట వచ్చినది గనుక మన ప్రాంతమునకు వత్తము. తెలుగునాట రాత్రియంతయు ఆడబడు నాటకములలో బలిజేపల్లి లక్ష్మీకాంతము గారి సత్య హరిశ్చంద్రీయమునకు మించిన ఆదరణ కొలదివానికే దక్కినది. అందు కాటిసీను వచ్చువఱకు నిద్రపోయి, అది రాగానే లేపుమని ప్రక్కవానికి చెప్పి పడుకొను రైతులు ఉండెడివారు. ఆ కాటిసీనులో హరిశ్చంద్ర పాత్రధారులు హార్మోనియముపై రాగము సాగదీసి పాడగా జనులు వన్స్ మోర్ అని మరల మరల పాడించుకొను పద్యములలో కొన్ని నాటకకర్త వ్రాసినవి కావు. అవి గుఱ్ఱము జాషువ గారి శ్మశానవాటి యను ఖండికలోనివి. రాజును, కవియు, పసిబిడ్డయు, అంటరానివాడును ఒక్క మట్టిలో కలియుచోటును గూర్చిన పద్యము లవి.

జాషువ గారు 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టిరి. వారి జీవితములో మా వంటి పాఠశాలలవారు ప్రత్యేకముగ గమనింపదగిన సంగతులు రెండు కలవు. ఆయన యౌవనమున మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగ నుండెను. ఆ పని పోయిన పిమ్మట, 1915, 1916 సంవత్సరములలో, రాజమహేంద్రవరమున సినిమా వాచకుడుగ పనిచేసెను. బొమ్మలకు మాటలు రాని ఆ దినములలో, తెరపై జరుగుచున్న కథను, పాత్రల సంభాషణలను ఒకరు ప్రక్కన నిలిచి జనులకు వినిపించుచుండిరి. ఆ పనియే వాచకునిది. తరువాత ఆయన గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పది సంవత్సరములు బోధించెను. మిషను బడి, సినిమా తెర, మరల మిషను బడి: ఒకే మనుష్యుడు ఒకే కంఠముతో ఈ మూడు చోట్లను నిలిచెను.

ఈ వాచక వృత్తిని గూర్చి మేము తఱచుగ ఆలోచించుచుందుము. తెరముందు కూర్చున్నవారు చదువురానివారు, నానాజాతులవారు. దీపపు వెలుగులో బొమ్మ పరుగెత్తుచుండగా, దానికంటె ముందుగాను వెనుకగాను పోక, ఒక్క మారు విన్నంతనే అర్థమగు మాటను వెదకి పలుకవలెను. జాషువ గారి పద్యము పండితులకును పామరులకును ఒకే విధముగ చెవి కెక్కుటకు ఆ రెండేండ్ల పనియు కొంత కారణమై యుండునని మా ఊహ. 1941లో వెలువడిన గబ్బిలములో ఆయన, గుడిలోనికి పోలేని పేదవాని మొఱను శివునికి చేర్పుమని గుడి చూరున వ్రేలాడు గబ్బిలమును వేడించెను. ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము 1964లో లభించినది క్రీస్తు చరిత్ర యను కావ్యమునకు. ఇటు స్వజనులైన క్రైస్తవులలోను, అటు అగ్రవర్ణముల పండితులలోను ఆయన అవమానములను పొందెను. పురాణములను చదువుట, హిందూ కథలను పద్యములుగ వ్రాయుట క్రైస్తవునకు తగదని గద్దించినవారు మనలోనే యుండిరి. గద్దించినవారి మాటలు నేడు ఎవరికిని జ్ఞాపకము లేవు. కాటిసీను పద్యములను అక్షరము రానివారు సయితము పాడుకొనుచున్నారు.

ఫాల్కే గారు క్రీస్తు చిత్రమును చూచి హరిశ్చంద్రుని తెరకెక్కించుటయు, తెలుగు హరిశ్చంద్రుని నోట ఒక క్రైస్తవ కవి పద్యములు పలుకుటయు ఎవరును ముందుగ ఆలోచించి చేసిన యేర్పాటు కాదు. గడప కిటు అటు గోడ కట్టుకొన్నవారు దీనిని ఊహించి యుండలేరు.

తెలుగు సినిమా క్రీస్తు కథకు తన ఋణమును 1978లో తీర్చుకొన్నదని చెప్పవచ్చును. ఎ. భీమ్‌సింగ్ గారి దర్శకత్వమున వెలువడిన కరుణామయుడు చిత్రములో విజయచందర్ గారు క్రీస్తు పాత్రను ధరించిరి. అది సినిమాశాలలలో ఆడిన పిమ్మట అంతటితో నిలిచిపోలేదు. ఇతర భాషలలోనికి మార్చబడి, విద్యుద్దీపము లేని పల్లెలకు సయితము యంత్రముతోను తెల్లని గుడ్డతోను పోయినది. క్రీస్తు సిలువను మోయు ఘట్టమునకు మోదుకూరి జాన్సన్ గారు వ్రాయగా ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము గారు పాడిన పాటను మంచి శుక్రవారమునాడు క్రైస్తవేతరుల యిండ్లలోను వినుచున్నాము. సినిమాకు పోరాదని యేండ్లతరబడి బోధించిన పెద్దలు ఆ యొక్క చిత్రమునకు కుటుంబసమేతముగ బండ్లు కట్టించుకొని పోయిరని ముసలివారు నేటికిని నవ్వుచు చెప్పుదురు.

ఆ చిత్రమువలన కలిగిన మేలును మేము కాదనము. కాని ఒక్క మాట. నాలుగు సువార్తలలో ఎచ్చటను క్రీస్తు ఎత్తును గాని, రంగును గాని, కన్నులను గాని వర్ణించు వచనము ఒక్కటియు లేదు. ఆయనతో కూడ తిని త్రాగి తిరిగినవారి సాక్ష్యముపై నిలిచిన కథలోనే ఈ మౌన మున్నది. తెర ఈ మౌనమును పాటింపజాలదు. ఏదో యొక ముఖమును చూపియే తీరవలెను. ప్రార్థనకై కన్నులు మూసికొనగనే నటుని ముఖమే కనబడుచున్నదని మాతో చెప్పిన విద్యార్థులు కలరు. వారితో మేము చెప్పునది సులభమైన ఉపాయము: అదే నటుడు 1983లో ఆంధ్రకేసరి చిత్రమున ప్రకాశము పంతులు గారుగను, 1986లో షిర్డీ సాయిబాబాగను కనబడెనని జ్ఞాపకము చేసికొనుడు. నటుడు నటుడే. ఆయన గొప్పతనమే అందున్నది.

నాటకమునకు ఇంకొక స్వభావము కూడ కలదు. అది కథలోని ఖాళీలను పూరించును. మన క్రిస్మసు నాటకములో తూర్పు దేశపు జ్ఞానులు ఎందఱు? ముగ్గురు. తలపాగాలు మూడు, గడ్డములు మూడు, పాఠశాల ప్రయోగశాలనుండి యెరువు తెచ్చిన సీసాలు మూడు! మత్తయి సువార్త వారి సంఖ్యను చెప్పనే లేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అను కానుకలు మూడగుటచే మనము ముగ్గురిని చేసితిమి. వారు వచ్చినది పశువుల తొట్టియొద్దకు కాదు, ఇంటిలోనికి అని రెండవ అధ్యాయము 11వ వచనము చెప్పుచున్నది. స్థలము లేదు పొమ్మని కసరు సత్రపు యజమాని లూకా సువార్తలో ఎచ్చటను మాటలాడడు. ఈ వేషమునకు ఏటేట పోటీ మిక్కిలిగ నున్నదని తెలిసియే ఈ మాట వ్రాయుచున్నాము. వేషమును తీసివేయుమని మేము కోరము. సంభాషణ నేర్చుకొను బాలుడు లూకా సువార్త రెండవ అధ్యాయమును కూడ ఒకమారు చదివిన చాలును.

ఆదివారపు ఆటనుగూర్చిన ప్రశ్నకును ఇట్టి సినిమా యొకటి సమాధానముగ చూపబడుచుండును. చైనాలో మిషనరీ దంపతులకు పుట్టిన ఎరిక్ లిడెల్, 1924లో పారిసు ఒలింపిక్ క్రీడలలో నూరు మీటర్ల పరుగు తొలి పందెములు ఆదివారమున వచ్చుటచే వానిని విడిచి, నాలుగు వందల మీటర్ల పరుగులో స్వర్ణపతకము పొందెను. 1981లో వెలువడిన ఇంగ్లీషు చిత్రములో ఆయన ఓడ ఎక్కుచుండగా ఈ వార్త తెలిసినట్లు చూపుదురు. నిజమునకు పందెముల పట్టిక నెలల ముందే తెలిసినది. ఆయన నిర్ణయించుకొని, ఆ నెలలన్నియు క్రొత్త దూరమునకు సాధన చేసెను. సినిమాకు ఒక్క నిమిషపు కలవరము కావలెను. విశ్వాసము ఎక్కువగ ఆ నెలల సాధనలో నుండును, దానిని తెరపై చూపిన ఎవరును టిక్కెట్టు కొనరు. లిడెల్ తాను కూడ మిషనరీయై చైనాకు పోయి, 1945లో జపానువారి నిర్బంధ శిబిరమున మృతినొందెను.

ఇప్పుడు మాకు నిజముగ కలవరము కలిగించుచున్న విషయమునకు వత్తము. అది సినిమాశాలలో లేదు, మన ఆలయములోనే యున్నది. నాలుగవ శతాబ్దిలో పుట్టిన అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథము పదియవ భాగములో సంగీతమునుగూర్చి తన్ను తానే విచారించుకొనెను. సంఘము పాడిన పాటలు తన్ను కన్నీటితో దేవునియొద్దకు నడిపెనని ఆయన ఎఱుగును. అయినను పాడబడిన మాటకంటె పాడిన కంఠమే తన్ను ఎక్కువ కదలించిన దినమున తాను పాపము చేసితినని దుఃఖించెను. పాటను ఆలయమునుండి తీసివేయుదమా యని తలంచి, బలహీనులకు అది ఆసరాయని మరల ఊరకుండెను. అగస్టీను నాడు మైకు లేదు, కీబోర్డు లేదు, ఒక్క కంఠమును పదింతలు చేసి గోడలు అదరునట్లు వినిపించు యంత్రము లేదు.

నేడు ఇరువదిమంది కూడు ఇఱుకుగదిలో సయితము పెద్ద పెట్టెలు రెండు నిలిచియుండుట చూచుచున్నాము. శ్రుతి, వేదికపై పాడు యువకుని కంఠమునకు సరిపోవునట్లు ఎత్తుగ పెట్టబడును. అంత ఎత్తునకు పెద్దమ్మల కంఠములు పోవు. రికార్డులలో విన్న సంగతులన్నియు అతడు వేయుచుండగా, ఎచ్చట అందుకొనవలెనో సంఘమునకు తెలియదు. మొదట కొందఱు పెదవులు కదలింతురు. తరువాత చప్పట్లు మాత్రము మిగులును. ఆ పిమ్మట అవియు వేదికపైనున్నవారు అడిగినప్పుడే వచ్చును. నలుబది కీర్తనలు నోటికి వచ్చిన అవ్వ ముందు వరుసలో చేతులు జోడించుకొని ఊరక కూర్చుండును. ఆమెను ఎవరును అగౌరవపఱచలేదు. కుర్చీ వేసి కూర్చుండబెట్టిరి, ఫలహారము కూడ ముందుగ ఆమెకే ఇచ్చిరి. పాటను మాత్రము ఆమె నోటినుండి తీసికొనిరి. ఆలయములోనికి సినిమా పాట వచ్చినదా రాలేదా యని మనము జాగ్రత్తగ కావలి కాయుచుండగా, సినిమాశాలలోని కుర్చీ చప్పుడు చేయక లోనికి వచ్చి కూర్చున్నది. ఆమోసు ప్రవక్త ఐదవ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయుల పాటల ధ్వనిని తొలగింపుమని పలికిన వచనమును మన గాయకబృందములవారు సంవత్సరమునకు ఒకమారైన చదువుట మంచిది.

దీనికి యంత్రమును నిందించి లాభము లేదు. హార్మోనియము కూడ ఒకనాడు క్రొత్తగ వచ్చినదే. జర్మను దేశములోని ఒబరమర్గావు అను పల్లెవారు 1633లో తెగులు కాలమున మ్రొక్కుకొని, 1634 మొదలుకొని క్రీస్తు శ్రమల నాటకమును తరతరములుగ ఆడుచున్నారు. సాధారణముగ పదియేండ్లకొకమారు ఆడుదురు; 2020లో ఆడవలసినది కరోనా వ్యాధిచే 2022లో ఆడిరి. అది నేడు దేశదేశములవారు టిక్కెట్టు కొని చూచు గొప్ప వినోదము. అయినను వేషములు వేయువారు ఆ ఊరివారే. వడ్రంగియు, బడిపంతులును, బిడ్డలును, ముసలివారును ఊరివారిలో పెద్ద భాగము రంగముమీదికి ఎక్కుదురు. చూచుటకు వచ్చినవారికి అది ఎట్టిదైనను, ఊరికి అది నోట నున్న కథ.

ఇంటిలోనైనను సంగతి యింతే. రాత్రి ప్రార్థనవేళ ఫోనులో నొక ప్రసిద్ధ గాయకుని పాట పెట్టి, అది ముగిసిన పిమ్మట వచనము చదువుకొను కుటుంబములు ఇప్పుడు పెక్కులు. పాట చక్కగనే యుండును. శ్రుతి తప్పదు, తాళము తప్పదు. తండ్రి గొంతు గరగరలాడుచు, తల్లి ఒక చరణము మఱచి, చిన్నది పల్లవి మాత్రము పెద్దగ అరచుచు పాడిన పాట దానితో పోల్చదగినది కాదు. కాని ఆ చిన్నది ఇరువదియేండ్లకు పరాయి ఊరిలో, ఆసుపత్రి మంచముమీదనో, ఉద్యోగము పోయిన రాత్రియందో ఒంటరిగ నున్నప్పుడు ఆమె నోటికి వచ్చునది ఏది? తాను అరచిన పల్లవియే వచ్చును. వినిన పాట ఫోనులో నుండును.

కావున మా విద్యార్థులకు ఈ వేసవి సెలవులలో ఒక పని యిచ్చుచున్నాము. మీ యింట గాని, మీ పేటలో గాని కీర్తనలు నోటికి వచ్చిన పెద్దలు ఒకరిని ఎన్నుకొనుడు. వారియొద్ద కూర్చుండి, పుస్తకములో లేని కీర్తన యొకటి, లేక పుస్తకములో నున్నను వారు వేరు వరుసలో పాడునది యొకటి నేర్చుకొనుడు. ఫోనులో పట్టుకొనుట తప్పు కాదు గాని, మీరు పాడి వారికి వినిపించి, వారు సరియే అనినదాక నేర్చుకొన్నట్లు ఎంచకుడు. మాటలను ఒక కాగితముపై వ్రాసి, పాడినవారి ఊరు పేరును, వారు ఎవరియొద్ద నేర్చుకొనిరో ఆ వివరమును క్రింద వ్రాయుడు. బడి తెఱచిన వారములో ఆ కాగితములను గ్రంథాలయములో ఇచ్చినచో ఒక పుస్తకముగ కుట్టించెదము. రాగము పేరు తెలియనిచో ఆ చోటు ఖాళీగ విడువుడు. మీరు పాడి వినిపించిన పిమ్మట సంగీతపు మేష్టరు గారు దానిని పూరింతురు.